స్క్వాక్, ఫరియాద్, ఫిర్యాదు

ఇంగ్లీషులో ‘స్క్వాక్’ అని ఒక లఫ్జ్ ఉంది. పిల్లి మీదికొస్తే కోడి వేసే బొంగురు కేక, చిలక గీపెట్టే అరుపు, ఇదీ అసలు మతలబు. తర్వాత అది మనుషుల మీద వాలింది. ఎవరైనా గొంతెత్తి షికాయత్ చేస్తే వాళ్లు ‘స్క్వాక్’ చేస్తున్నారంటారు. వాళ్ల బాధేమిటో వినకముందే అది కోడి కూతైపోయిందన్నమాట.

మన దగ్గర దీనికి ఉల్టా నడిచిన మాట ఒకటుంది. ఫారసీలో ఫరియాద్ అంటే ఆదుకోమని పెట్టే కేక. ఉర్దూలో ఇప్పటికీ ఆ దర్ద్ వినిపిస్తుంది. అదే మాట తెలుగులోకొచ్చి ఫిర్యాదు అయింది. స్టేషన్‌లో కాగితమెక్కింది, కోర్టులో ‘ఫిర్యాది’గా నిలబడింది. ఒక కేకకు ఇజ్జత్ దొరికింది.

కానీ ఆ ఇజ్జత్ అందరికీ బరాబర్ దొరకడం లేదు. రెండు రోజులుగా నల్లా రావట్లేదని అబ్బా అంటే అది ‘జరూరీ బాత్’. అదే అమ్మీ అంటే ‘కైకు చిల్లారీ?’. అత్త నోరు తెరిస్తే నసీహత్, కోడలు తెరిస్తే గోల. నేను పనిచేసే పత్రికా ప్రపంచంలోనూ అంతే. ఒకే మోరీ గురించి కాలనీ పెద్దమనిషి ‘అభ్యంతరం తెలుపుతాడు’, బస్తీ ఆడవాళ్లు ‘గగ్గోలు పెడతారు’.

రెండో ప్రపంచ యుద్ధంలో, తమ విమానాన్ని రాడార్‌కు గుర్తుపట్టించే పరికరానికి బ్రిటిష్‌వాళ్లు ‘ప్యారెట్’ అని రహస్య పేరు పెట్టారు. అంటే తోతా. తోతా కాబట్టి అది పంపే సంకేతం ‘స్క్వాక్’ అయింది. ఇప్పటికీ విమానాలకు నాలుగంకెల స్క్వాక్ కోడ్ ఇస్తారు. 7700 అంటే ఆపద, 7600 అంటే రేడియో పనిచేయడం లేదు, 7500 అంటే హైజాక్. పైలట్ 7700 పెడితే కింద కంట్రోలర్ ‘ఎందుకరుస్తావ్’ అనడు, వెంటనే దారి చూపిస్తాడు. విమానంలో కనిపించిన లోపాన్ని పైలట్ రాసిపెడితే దాన్నీ స్క్వాక్ అనే అంటారు. మెకానిక్ దాన్ని చూడాల్సిందే.

‘తమీజ్‌తో చెప్పొచ్చుగా’ అంటారు కొందరు. నర్మీ మంచిదే, కాదనను. కానీ ఇళ్లలో పెరిగిన గొంతు చాలాసార్లు మొదటి మాట కాదు, పదో మాట. ముందటి తొమ్మిదీ నర్మీగానే చెప్పారు, ఎవరూ వినలేదు.

అందుకే ముందు లేచి నల్లా చూడండి. తమీజ్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.