పొత్తా? పంపకమా?

బొగ్గుబాయిలో ఉద్యోగం దొరకని గోదావరిఖని కుర్రవాడు దుబాయికో, మస్కటుకో పోవడం వింత కాదు. ఇజ్రాయేలులోనూ ముసలివారికి సేవ చేస్తూ తెలంగాణవారు చాలా ఏండ్లుగా వున్నారు. 42 వేలమంది భారతీయులను పనికి తీసుకొనేందుకు 2023 మేలో ఒప్పందం కుదిరింది. 2024లో కట్టుబడి పనివారికి హైదరాబాదులోనే పరీక్షలు పెట్టారు.

అంత తొందర యెందుకు వచ్చింది? 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో సుమారు 1,200 మంది చనిపోయారు. ఆ తరువాతి యుద్ధంలో, గాజా ఆరోగ్యశాఖ లెక్క ప్రకారం, అక్కడ 60 వేలకు పైగా ప్రాణాలు పోయాయి. ఇజ్రాయేలులో పనిచేసే లక్షకు పైగా పాలస్తీనావారికి పర్మిట్లు ఆగిపోయాయి. అంటే మనవాడు యెక్కే పరంజా నిన్న వేరొకరి పొట్టకూడు. కనుక యిది మన ఇంటి కబురుకూడా.

ఇంతకూ ఆ నేల యెవరిది? నదికీ సముద్రానికీ నడుమ యూదులు సుమారు 70 లక్షలు, పాలస్తీనీయులు కూడా దాదాపు అంతే. ఎవరూ యెక్కడికీ పోరు. 1947లో ఐక్యరాజ్యసమితి పంపకం చెయ్యమన్నది. భారతదేశం వ్యతిరేకంగా ఓటు వేసింది. ఇరాను, యుగోస్లావియాలతో కలిసి, ఇద్దరికీ స్వపరిపాలన వుండే ఒకే సమాఖ్య మేలన్నది. ఆ సలహా చెల్లలేదు. మరుసటి యేడే యుద్ధం. సుమారు 7 లక్షలమంది పాలస్తీనీయులు ఊళ్లు కోల్పోయారు. ఓపెన్ కాస్టు గనికింద ఊరు పోగొట్టుకున్నవారిని అడగండి, నష్టపరిహారం పుచ్చుకున్నాకకూడా ఆ దిగులు యెన్నాళ్లుంటుందో!

పొత్తు, పంపకం రెండూ మనం చూచినవే. 1956లో పెద్దమనుషుల ఒప్పందంతో కలిశాము. మాట నిలవలేదని 1969లో నెత్తురు చిందింది. 2014లో విడిపోయాము. కృష్ణ నీళ్ల తగాదా విడిపోయినా తీరలేదు. అయితే ఒక్క తేడా వున్నది. కలిసున్నా, విడిపోయినా మన చేతిలో ఓటు వున్నది. పశ్చిమతీరంలో తమ రాకపోకలనూ, భూమినీ శాసించే ప్రభుత్వానికి పాలస్తీనీయులు ఓటు వెయ్యలేరు. తమ స్వంత శాసనసభకైనా వారు చివర ఓటు వేసింది 2006లోనే.

సింగరేణిలో రాష్ట్రానికి 51 వంతులు, కేంద్రానికి 49. అభిప్రాయభేదాలు లేకపోలేదు, వాటాలు మాత్రం కాగితంమీద వున్నాయి. అక్కడ ఒక రాజ్యమైనా, రెండైనా, సమాఖ్య అయినా, యూదు తల్లికి రాకెట్ల భయం లేకుండా, పాలస్తీనా తల్లికి ఇల్లు పోతుందన్న భయం లేకుండా హక్కులు రాసి, ఆ రాతను నిలబెట్టాలి. అది జరగనిదే యే పేరు పెట్టినా యుద్ధం తిరిగి వస్తుంది.

అబ్బాయిని పంపేముందు జీతమెంతో అడుగుతాము, సబబే. ఆ పనిలో నిన్నటిదాకా యెవరుండేవారో కూడా వాడికి చెప్పి పంపండి.