ఫంగస్‌ను పట్టే రంగులో క్రోమియం ఎందుకు?

2021 వేసవిలో కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి బ్లాక్ ఫంగస్ రోగులతో కిటకిటలాడింది. ఆ ఏడాది మే 20న తెలంగాణ ప్రభుత్వం దాన్ని నోటిఫై చేయాల్సిన వ్యాధిగా ప్రకటించింది. దేశంలో 45 వేలకు పైగా కేసులు, 4,300కు పైగా మరణాలు నమోదయ్యాయని జులైలో కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. చికిత్సకు కావాల్సిన యాంఫోటెరిసిన్ ఇంజెక్షన్ల కోసం జనం పడ్డ పాట్లు అందరికీ గుర్తే. ఆ ఇంజెక్షన్ ఎవరికి అవసరమో తేల్చడంలో సాయపడిన ల్యాబ్ గది గురించి మాత్రం ఎవరూ మాట్లాడలేదు.

ముక్కు లోపలి నుంచి తీసిన ముక్కను ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో బిగించి, పలుచని పొరలుగా కోసి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడతారు. బ్లాక్ ఫంగస్‌కు కారణమైన మ్యూకర్ అయితే పోగులు వెడల్పుగా, దాదాపు అడ్డుగోడలు లేకుండా, కొమ్మలు లంబకోణంలో చీలి కనిపిస్తాయి. యాస్పర్‌జిల్లస్ అనే మరో ఫంగస్ అయితే పోగులు సన్నగా, అడ్డుగోడలతో, 45 డిగ్రీల కోణంలో చీలుతాయి. రెండోదానికి పనిచేసే వొరికొనజోల్ మొదటిదానిపై పనిచేయదు. అంటే మందు ఎంపిక చాలావరకు ఆ రంగు ఎంత స్పష్టంగా పట్టిందన్న దానిమీదే ఆధారపడి ఉంటుంది.

ఈ పనికి దశాబ్దాలుగా ప్రామాణికంగా ఉన్నది వెండి రంగు. గోమోరి 1946లో రూపొందించిన పద్ధతిని 1955లో గ్రోకాట్ ఫంగస్ కోసం మలిచాడు. ల్యాబ్‌లో దాన్ని జీఎంఎస్ అంటారు. ముందు స్లైడును క్రోమిక్ యాసిడ్‌లో దాదాపు గంటసేపు నానబెడతారు. కడిగి, 60 డిగ్రీల వేడిలో మెథినమిన్ సిల్వర్ ద్రావణంలో ఉంచుతారు. ముక్క గోధుమరంగుకు తిరిగే క్షణాన్ని టెక్నీషియన్ కంటితోనే పట్టుకోవాలి. ఆ తర్వాత గోల్డ్ క్లోరైడ్, థయోసల్ఫేట్, చివరికి లేత ఆకుపచ్చ. పచ్చని నేపథ్యంలో ఫంగస్ నల్లగా తేలుతుంది.

ఇందులో క్రోమిక్ యాసిడ్ పని ఏమిటో తెలిస్తేనే దాన్ని తీసేయడం ఎందుకు కష్టమో అర్థమవుతుంది. ఫంగస్ గోడలోని చక్కెర గొలుసులను అది ఆల్డిహైడ్లుగా మారుస్తుంది. ఆ ఆల్డిహైడ్లే వెండిని నల్లగా దింపుతాయి. మనిషి కణజాలంలోనూ ఇలాంటి చక్కెరలుంటాయి. కానీ క్రోమిక్ యాసిడ్ బలమైనది కాబట్టి వాటిలో ఏర్పడిన ఆల్డిహైడ్లను చాలావరకు నాశనం చేసేస్తుంది, చక్కెరలు దట్టంగా ఉన్న ఫంగస్ గోడ ఒక్కటే మిగులుతుంది. దాని బదులు మృదువైన పీరియాడిక్ యాసిడ్ వాడితే మన కణజాలపు పొరలు కూడా నల్లబడతాయి, సన్నటి పోగు ఆ గజిబిజిలో కలిసిపోతుంది. కాబట్టి పాత పద్ధతిని వదలని పెథాలజిస్టులను మొండివాళ్లని అనలేం. వాళ్ల భయం రోగి గురించి.

అయితే క్రోమిక్ యాసిడ్‌లో ఉండేది హెక్సావలెంట్ క్రోమియం. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో పెట్టింది. ఫార్మలిన్‌లోని ఫార్మాల్డిహైడ్‌దీ అదే వర్గం. ఈ క్రోమియం పసుపు పండే నిజామాబాద్ జిల్లాకు కొత్తదేమీ కాదు. పసుపు కొమ్ములకు నకిలీ మెరుపు కోసం అక్రమార్కులు పూసే లెడ్ క్రోమేట్‌లోనూ ఉన్నది ఈ రూపపు క్రోమియమే. కల్తీ పసుపు పట్టుబడితే వార్త అవుతుంది. ల్యాబ్ సింక్‌లోకి పోయే ద్రావణం మాత్రం వార్త కాదు. జలాశయాల్లోకి వదిలే నీటిలో హెక్సావలెంట్ క్రోమియం లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదని నిబంధన. రసాయన ద్రవ వ్యర్థాలను ముందుగా శుద్ధి చేశాకే మురుగులో కలపాలని 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలూ చెబుతున్నాయి. ఏ చిన్న ల్యాబ్‌లోనైనా ఈ పని చివరికి గ్లవ్స్ వేసుకున్న ఒక టెక్నీషియన్ మీదే పడుతుంది.

ప్రత్యామ్నాయాలు లేకపోలేదు. హైదరాబాద్‌లోని ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి కార్నియా పుండు గీకి తీసిన నమూనాలకు పొటాషియం హైడ్రాక్సైడ్‌తో పాటు కాల్కోఫ్లోర్ వైట్ వాడి ఫలితాలను ప్రచురించింది. ఇది మొదట బట్టల తెల్లదనానికి వాడిన రసాయనం. ఫంగస్ గోడలోని కైటిన్‌కు అంటుకుని అతినీలలోహిత కాంతిలో మెరుస్తుంది, నిమిషాల్లో జవాబు చెబుతుంది. కోతల కాలంలో వరి ఆకో, ఊకో కంట్లో తగిలి ఫంగస్ పుండుతో చూపు పోగొట్టుకునే రైతుకు ఆ నిమిషాలే ముఖ్యం. అయితే దీనికి ఫ్లోరోసెంట్ మైక్రోస్కోప్ కావాలి. స్లైడు మీద పడిన దూదిపోగు కూడా మెరిసి మోసగించవచ్చు. పీరియాడిక్ యాసిడ్ వాడే పీఏఎస్ పద్ధతిలో క్రోమియం ఉండదు గానీ అందులోని ఫుక్సిన్ పూర్తిగా నిరపాయకరం కాదు.

ఇక మొక్కల నుంచి వచ్చే ప్రత్యామ్నాయం, పసుపు సంగతి. ఆర్మూర్, ఇందల్వాయి ప్రాంతాల్లో ఉడకబెట్టి, కళ్లంలో ఆరబెట్టి, నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తెచ్చే ఈ కొమ్ముల్లోని రంగు పదార్థం కర్క్యుమిన్ నీలి కాంతిలో పచ్చగా వెలుగుతుంది. పసుపు, మందార, బీట్‌రూట్ సారాలతో కణజాలానికి రంగు వేసే ప్రయోగాలు మనదేశపు దంత వైద్య కళాశాలల్లో జరిగాయి. మొక్కల రంగు అనగానే తక్కువ చూపు చూడాల్సిన పనిలేదు. పెథాలజీ ల్యాబ్‌లో రోజూ వాడే హెమటాక్సిలిన్ కూడా మధ్య అమెరికా చెట్టు కాండం నుంచి వచ్చిందే. అయినా పసుపు మీద అభిమానంతో తొందరపడకూడదు. పసుపులో సున్నం కలిపితే కుంకుమరంగు వస్తుందని ఇంటింటా తెలుసు. ద్రావణం క్షారమైతే స్లైడులోనూ రంగు అలాగే మారిపోతుంది. పసుపు మరక ఎండకు వెలిసినట్లే, స్లైడు మీది కర్క్యుమిన్ కూడా వెలుతురుకు పాలిపోతుంది. ఏళ్ల తరబడి దాచి మళ్లీ చూడాల్సిన స్లైడుకు ఇది చిన్న లోపం కాదు.

అందుకే ముందుగా చేతికందే పనులు మొదలుపెట్టాలి. ప్రతి బయాప్సీకీ జీఎంఎస్ అక్కర్లేదు. మామూలు హెమటాక్సిలిన్-ఈయోసిన్ స్లైడులోనే మ్యూకర్ కనిపించే సందర్భాలెన్నో. జీఎంఎస్‌కు అది కొన్నిసార్లు సరిగా రంగు పట్టదు కూడా. పీఏఎస్‌తో తేలిపోయే చోట క్రోమియం సీసా తెరవొద్దు. తప్పనిసరైతే తక్కువ పరిమాణంలో వాడి, మిగిలింది బైసల్ఫైట్‌తో తక్కువ విషమైన రూపానికి మార్చి, విడిగా సేకరించాలి. దీనికి పెద్ద బడ్జెట్ అవసరం లేదు, ఆస్పత్రి కొనుగోళ్ల జాబితాను ఒకసారి తిరగరాస్తే చాలు.

పసుపు రంగును తేల్చే పని ఈ జిల్లాలోనే జరగవచ్చు. నిజామాబాద్‌లో 2013 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, ఇందల్వాయి పక్కనే డిచ్‌పల్లిలో తెలంగాణ విశ్వవిద్యాలయం ఉంది, 2025 జనవరిలో ప్రారంభమైన జాతీయ పసుపు బోర్డు ప్రధాన కార్యాలయమూ నిజామాబాద్‌లోనే ఉంది. పాత బయాప్సీ బ్లాకులు తీసుకోవాలి. ఒక పొరకు జీఎంఎస్, పక్క పొరకు పీరియాడిక్ యాసిడ్ పద్ధతి, ఇంకో పొరకు పసుపు రంగు వేయాలి. ఏది ఏదో చెప్పకుండా ఇద్దరు పెథాలజిస్టులకు ఇవ్వాలి. ఫంగస్ లేని ముక్కలూ కలపాలి. కొత్త రంగు ఎన్ని మ్యూకర్ కేసులను వదిలేసిందో ముందు లెక్కపెట్టి, ఆ లెక్కను ప్రచురించాలి. బోర్డు తన పరిశోధన నిధుల్లో కొంత ఇటువైపు మళ్లించాలని రైతు సంఘాలు ఇప్పుడే అడగాలి.