సెప్టిక్ ట్యాంకు నీరు ఎటు పోతోంది?

ఇల్లు కట్టేముందు వాస్తు చూస్తాం, రోడ్డు వెడల్పు కొలుస్తాం. సెప్టిక్ ట్యాంకు నీరు ఎటు పోతుందో మాత్రం అడగం. ఏలూరు మురుగు కాలువలు చివరికి చేరేది కొల్లేరుకే. 2002లో రామ్‌సార్ గుర్తింపు పొందిన ఈ సరస్సు నుంచి సముద్రానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. అందుకే వచ్చిన మురుగు త్వరగా పోదు. అందులోని నత్రజని, భాస్వరంతో గుర్రపుడెక్క బలుస్తుంది. అది కుళ్లితే నీటిలో ఆక్సిజన్ తగ్గిపోతుంది. చేపల చెరువుల వాటా తక్కువేమీ కాదు, కానీ మన వాటా మనదే.

పచ్చకామెర్లతో ఓపీకి వచ్చినవారిని ముందు తాగేనీళ్ల గురించే అడుగుతాను. మలం కలిసిన నీటితో వచ్చే హెపటైటిస్-ఇ నిండు గర్భిణుల ప్రాణం తీయగలదు. కాచి చల్లార్చిన నీళ్లు దీన్ని ఆపుతాయి. టైఫాయిడ్‌నూ ఆపుతాయి. సీసం, పురుగుమందులు మాత్రం కాచినా పోవు. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛతో పడిపోయినప్పుడు కొందరి రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. ఆ జబ్బును కొల్లేరుకు ముడిపెట్టడం లేదు, కాచడానికీ హద్దుందని చెబుతున్నానంతే.

బోరుకూ ట్యాంకుకూ మధ్య కనీసం 50 అడుగులుండాలి. పల్లపు నేలల్లో భూగర్భజలం పైపైనే ఉంటుంది కాబట్టి ఇంకుడు గుంత పనిచేయదు. అలాంటిచోట లేఅవుట్ మొత్తానికి కలిపి మురుగుశుద్ధి ఉందా అని అమ్మేవారిని గట్టిగా అడగండి. ప్లాటును వానాకాలంలో ఒకసారి చూసి, ఆ తర్వాతే బయానా ఇవ్వండి.