మూడు నెలలకో బెల్టు: నలభై దాటినవారికి ఈ తొందర తగదు

నలభై దాటిన తరువాత కరాటే నేర్చుకోవచ్చా అని అడిగేవారు తరచుగా కనిపిస్తారు. నిస్సంకోచంగా నేర్చుకోవచ్చు. అయితే మూడు నెలలకో బెల్టు, ఏడాదిన్నరలో బ్లాక్ బెల్టు అని ఆశ చూపే చోట మాత్రం నేర్చుకోవద్దు. ఈ రెండో మాట కొందరు శిక్షకులకు కటువుగా తోచవచ్చు. కానీ తొందరపాటు శిక్షణను చిన్నపిల్లల ఒళ్లు ఎలాగో తట్టుకున్నా, నడివయసు ఒళ్లు తట్టుకోదు. అక్కడ అది గాయమై బయటపడుతుంది.

అసలు అవసరమేమిటి?

మదనపల్లె టమోటా మార్కెట్లో తెల్లవారుజాము నుంచి లెక్కలు చూసే వ్యాపారిని, పుంగనూరులో పొద్దస్తమానం కొట్టులో ఉండే యజమానిని, కుప్పంలో రైలెక్కి బెంగళూరు వెళ్లివచ్చే ఉద్యోగిని గమనించండి. రోజులో అధిక భాగం కూర్చోవడంలోనే గడిచిపోతుంది. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్నారని 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం అంచనా వేసింది. ఒకప్పుడు క్షయరోగులు మంచి గాలి కోసం మదనపల్లె పక్కనున్న ఆరోగ్యవరం చేరేవారు. నేటి జబ్బుకు గాలి మార్పు చాలదు. కండరం కదలాలి.

"రోజూ నడుస్తున్నాను కదా, అది చాలదా?" అని మీరు అడగవచ్చు. నడక మంచిదే, కానీ సంపూర్ణం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం, వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమతో పాటు కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలి. 65 దాటినవారు మూడు రోజులు శరీరపు తూకం నిలిపే వ్యాయామం కూడా చేయాలి. కరాటేలో మోకాళ్లు వంచి నిలిచే భంగిమలు తొడలకు బలమిస్తాయి. దిశ మార్చి తిరిగే అడుగులు తూకాన్ని సాధన చేయిస్తాయి. కటాలోని కదలికల వరుస జ్ఞాపకానికి పని పెడుతుంది. ఇన్ని ఒకేచోట దొరికే వ్యాయామాలు ఎన్నో లేవు.

శరీరానికి తనదైన పంచాంగం

కొత్తగా వ్యాయామం మొదలుపెట్టిన మనిషికి కొన్ని వారాల్లోనే బలం పెరిగినట్లు అనిపిస్తుంది. ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం నాడులు కండరాలను మెరుగ్గా పనిచేయించడం వల్ల వచ్చినదే. కండరం నిజంగా దిట్టపడడానికి ఇంకొన్ని వారాలు పడుతుంది. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్‌కు నెలలు కావాలి. ఎముక పాత పదార్థాన్ని తొలగించి కొత్తది నింపుకునే ఒక్క ఆవృతికే నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది.

ఇప్పుడు మూడు నెలల బెల్టు పరీక్షను ఈ పంచాంగం పక్కన పెట్టి చూడండి. కండరం ఎగిరి తన్నడానికి సిద్ధమైంది, టెండన్ ఇంకా సిద్ధం కాలేదు. పరీక్ష తేదీ వచ్చింది కనుక తన్నాలి. మడమ పైనున్న పెద్ద టెండన్ తెగిపోవడం ముప్పై నుంచి యాభై ఏళ్ల మధ్య, అప్పుడప్పుడు మాత్రమే ఆడే మగవారిలో ఎక్కువగా కనిపిస్తుంది. అది తెగిన రోజున నడుముకున్న బెల్టు ఏ రంగుదైనా నెలల తరబడి కుంటక తప్పదు.

బెల్టు ఎవరి సొత్తు?

బెల్టు ప్రాచీన సంప్రదాయమని చెప్పి రుసుము వసూలు చేసేవారిని నమ్మవద్దు. జిగోరో కానో 1882లో కొడోకాన్ స్థాపించి, జూడోలో డాన్ శ్రేణులను ప్రవేశపెట్టారు. గిచిన్ ఫునకోషి ఆ పద్ధతిని కరాటేలోకి తెచ్చి, 1924లో తొలి బ్లాక్ బెల్టులు ఇచ్చారు. తెలుపుకూ నలుపుకూ మధ్య ఇన్ని రంగులు ఐరోపాలో 1930ల నుంచి ప్రచారం పొందినవి. మొదటి డాన్‌కు జపాను భాషలో ఉన్న పేరు 'షోడాన్'. ఆరంభపు మెట్టు అని దాని అర్థం. మనవాళ్లు పట్టాభిషేకంగా భావించేది అక్కడ అక్షరాభ్యాసం వంటిది.

ఆ ఫునకోషి బడిపంతులు. చిన్ననాట బలహీనుడు. టెక్కీ అనే మూడు కటాలను నేర్వడానికే తనకు 10 ఏళ్లు పట్టిందని రాసుకున్నారు. కరాటేను టోక్యోకు తెచ్చేనాటికి ఆయనకు యాభై దాటింది. 88 ఏళ్లు జీవించారు.

ఈ విద్య మన దేశానికి కొత్తదీ కాదు. 1919లో మదనపల్లెలో ఉండి జనగణమనను ఆంగ్లంలోకి అనువదించిన రవీంద్రనాథ్ ఠాగూర్, 1905లోనూ 1929లోనూ జపాను గురువులను శాంతినికేతనానికి రప్పించి జూడో నేర్పించారు. అక్కడ అమ్మాయిలూ నేర్చుకున్నారు. విద్యలో భాగంగా తెచ్చిన దానిని మనం సర్టిఫికెట్ల బేరంగా మార్చుకోవడం విచారకరం.

"రంగు మారకపోతే ఆసక్తి నిలవదు కదా" అనే వాదనలో కొంత నిజముంది. పెద్దవారికీ గమ్యం కావాలి. బెల్టు గమ్యమైతే నాకు అభ్యంతరం లేదు. పరీక్ష తేదీని మీ సాధన కాక రుసుము నిర్ణయిస్తే అభ్యంతరం. ఆత్మరక్షణ కోసం చేరే మహిళలకు ఇది మరీ ప్రమాదకరం. చేతకాని చేతికి కట్టిన బెల్టు తప్పుడు ధైర్యాన్నిస్తుంది. పారిపోవలసిన చోట నిలబడేలా చేస్తుంది. మంచి గురువు మొదట నేర్పేది తప్పించుకోవడమే.

చేరే ముందు

1. రక్తపోటు, చక్కెర పరీక్షించుకోండి. నడిస్తే ఛాతీలో బరువు, ఆయాసం ఉంటే ముందు గుండె వైద్యుణ్ణి కలవండి.

2. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారికి శ్రమతో చక్కెర పడిపోవచ్చు. గ్లూకోజ్ దగ్గర ఉంచుకోండి, శిక్షకుడికి చెప్పండి. వట్టికాళ్లతో సాధన కనుక పాదాలను రోజూ చూసుకోండి. కంటి రెటీనా పరీక్ష చేయించుకోకుండా చేరవద్దు.

3. రక్తం పలచబడే మందులు వాడేవారు దెబ్బలు తగిలే సాధనకు దూరంగా ఉండాలి. తలతో పెంకులు పగలగొట్టడం ఎవరికీ తగదు.

4. గొంతుకూర్చుని నడిపించడం, కప్పగంతులు వేయించడం మోకాళ్లకు హాని. వాటిని మర్యాదగా నిరాకరించండి.

5. గురువును మూడు ప్రశ్నలు అడగండి. మీ దగ్గర పరీక్షలో ఎవరైనా తప్పుతారా? నా వయసువారికి వేరే ప్రణాళిక ఉందా? పరీక్ష రాయకపోయినా కొనసాగనిస్తారా? ఎవరూ తప్పని పరీక్ష పరీక్ష కాదు. అది రశీదు.

పాఠకులారా, తెల్ల బెల్టు కట్టుకోవడానికి సిగ్గుపడకండి. మీ పిల్లల వయసువారి పక్కన నిలబడి మొదటి అడుగు నేర్చుకోవడం చిన్నతనం కాదు. రెండేళ్లు అదే బెల్టు ఉన్నా ఫరవాలేదు. ఆ రెండేళ్లలో నేల మీద కూర్చుని చేయి ఆనించకుండా లేవగలిగితే, మెట్లెక్కి ఆయాసపడకపోతే, చక్కెర అదుపులోకి వస్తే, ఆ ఫలితాలపై ఏ సంఘపు ముద్రా అక్కరలేదు. ఈసారి గ్రేడింగ్ టెస్టుకు రుసుము అడిగినప్పుడు, "ఇంకా సిద్ధంగా లేను, వచ్చే ఏడాది చూద్దాం" అని చెప్పండి. దానికి గురువు సంతోషిస్తే మీరు సరైన చోటే ఉన్నారు.