పోర్టు మాయమైతే...

విండోస్‌లో చక్కగా నడిచిన ప్రోగ్రామ్‌ను లైనక్స్‌కు మార్చాక ఆర్డ్యునో బోర్డు కనిపించడం మానేస్తే తిట్లన్నీ ముందు ప్రోగ్రామర్‌కే పడతాయి. చాలాసార్లు తప్పు అక్కడిదే. విండోస్‌లో కామ్ 3 అని ఉండే పోర్టు లైనక్స్‌లో టిటివై యుఎస్‌బి 0 అవుతుంది. యూజర్‌ను డయలౌట్ గ్రూపులో చేర్చకపోతే ఉబుంటు ఆ పోర్టును తెరవనివ్వదు. ఈ రెండూ ఐదు నిమిషాల పని.

2022లో వచ్చిన ఉబుంటు 22.04 తెచ్చిన తలనొప్పి వేరు. చౌక బోర్డుల్లో ఉండే సిహెచ్ 340 చిప్‌ను తగిలించగానే పోర్టు పుడుతుంది, మరుక్షణమే మాయమవుతుంది. డ్రైవర్ కోసం నెట్టంతా గాలించడం వృథా. అది కెర్నల్‌లోనే ఉంది, బాగానే ఉంది. కెర్నల్ సందేశాలు చూస్తే దొంగ దొరుకుతాడు. చిప్‌ను బిఆర్ఎల్‌టిటివై అనే ప్రోగ్రామ్ లాగేసుకుంటోంది. అంధులు వాడే బ్రెయిలీ డిస్‌ప్లేలను నడిపేది అదే. ఓ బ్రెయిలీ రీడర్ కూడా 1ఎ86:7523 అనే ఇదే ఐడీతో పలుకుతుంది మరి. ఐడీ చూసి పోల్చుకునే కంప్యూటర్‌కు తేడా ఎలా తెలుస్తుంది?

ఆ ప్రోగ్రామ్‌ను పీకేయమన్నది తరచూ వినిపించే సలహా. సొంత ల్యాప్‌టాప్‌లో అయితే సరే. కాలేజీ ల్యాబ్‌లో పీకేస్తే మర్నాడు అదే సీట్లో కూర్చునే అంధ విద్యార్థి వేళ్ల కింద అక్షరాలు లేవవు. యుడెవ్ రూల్స్ ఫైలులో ఆ ఐడీ ఉన్న లైను ముందు హ్యాష్ గుర్తు పెట్టి, బోర్డును ఊడదీసి మళ్లీ తగిలిస్తే చాలు. ఆ ఐడీతో వచ్చే రీడర్ తప్ప మిగతా బ్రెయిలీ పరికరాలు ఎప్పటిలాగే పనిచేస్తాయి.