పరోక్షంలో పలికే మంచిమాట

జుమా నమాజు ముగించుకొని మస్జిదు మెట్లు దిగకముందే మనలో ఎందరం అక్కడ లేని సోదరుని ప్రస్తావన తెస్తాం! "ఉన్న మాటే కదా అన్నాం" అని సర్దిచెప్పుకుంటాం. కాని దైవప్రవక్త (స) ఈ సాకును ఏనాడో తోసిపుచ్చారు. ఉన్న లోపాన్ని వెనుక చెప్పుకోవడమే గీబత్ అనీ, లేనిది అంటగడితే అది అపనింద అనీ వివరించారు.

దివ్య ఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా పరోక్షనిందను చనిపోయిన సోదరుని మాంసం తినడంతో పోల్చింది. మృతుడు తనను తాను కాపాడుకోలేడు. ఎదుట లేనివాడూ అంతే, జవాబు చెప్పుకోలేడు.

హజ్రత్ ఆయిషా (రజి)పై కపటులు నింద మోపినప్పుడు హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) దంపతులు దాన్ని నమ్మలేదు. తాము చేయని పనిని తమకంటే ఉత్తమురాలు చేసి ఉంటారని వారు తలచలేదు.

మరి మన ఇళ్ళలో? పెళ్ళి సంబంధం కోసం ఎవరో ఒక అమ్మాయి గురించి వాకబు చేస్తారు. "ఏమోనమ్మా, మాకెందుకులే" అని పెదవి విరుస్తాం. ఆ సంబంధం అక్కడే ఆగిపోతుంది. ఆ తల్లిదండ్రుల కన్నీటికి రేపు అల్లాహ్ సన్నిధిలో జవాబుదారులం మనమే. సలహా కోరినవారికి తెలిసిన నిజం చెప్పడం తప్పు కాదు. తెలియనిదాన్ని అనుమానంగా విసరడమే పాపం.

అందుకే ఈ వారం నుంచి ఒక్క అలవాటు చేసుకుందాం. ఎవరి పేరు వచ్చినా వారిలో మనం చూసిన ఒక మంచిని చెబుదాం. అది తోచకపోతే మౌనం వహిద్దాం. మంచిమాట కూడా సదఖాయే. దానికి పైసా ఖర్చు లేదు.