పాఠం మన డివిజన్ దాకా రావాలి

జూన్‌లో బడులు తెరిస్తే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సర్కారు బడి పిల్లలకు పుస్తకాలు, బ్యాగులు, బూట్లు వస్తాయి. సోషల్ టీచరుకు పాఠ్యపుస్తకమే దిక్కు. 2024-25లో పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ వచ్చింది. కులం మీద అందులో పాఠం ఉంది. కానీ దేశమంతటికీ రాసిన ఆ పుస్తకంలో 1985 కారంచేడు లేదు, 1991 చుండూరు లేదు. చుండూరు కేసులో ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు నడిచింది. 2007లో పడిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది. చట్టానికీ న్యాయానికీ మధ్య దూరం ఎంతో చెప్పడానికి ఇంతకంటే పాఠం ఏం కావాలి?

17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసిందని రాస్తే మార్కు పడుతుంది. ఊళ్లో వివక్ష ఎదురైతే ఎవరిని నిలదీయాలో మాత్రం తెలియదు. అత్యాచారాల నిరోధక చట్టం నియమాల ప్రకారం జిల్లాలోనూ, సబ్ డివిజన్‌లోనూ విజిలెన్స్, మానిటరింగ్ కమిటీలు మూడు నెలలకోసారి సమావేశం కావాలి. జమ్మలమడుగు, పులివెందుల రెండూ రెవెన్యూ డివిజన్ కేంద్రాలే. ఆ కమిటీలు ఎన్నిసార్లు కూర్చున్నాయి? ఏం తీర్మానించాయి? పౌరశాస్త్రం అంటే ఈ ప్రశ్నలే.

ఈ భారం టీచరు ఒక్కరి నెత్తిన వేయకూడదు. కులం గురించి దళిత టీచరు మాట్లాడితే రాజకీయమంటారు. సర్కారు కాగితాన్నే చేతికిస్తే ఆ మాట అనడం కష్టం. కాబట్టి సంఘాలు, విద్యార్థులు సమాచార హక్కు చట్టం కింద మినిట్స్ అడగాలి. జవాబుకు గడువు 30 రోజులు. బాధితుల పేర్లు తీసేసి, ఆ కాగితాలను బడులకు చేర్చాలి. జూన్‌లో అడిగితే దసరా సెలవుల లోపే పాఠం తయారవుతుంది.